నాలుగో పాదంలో రెండు మాత్రలు

నా చిన్నప్పుడు, నాకు చదవడం వచ్చునని నలుగురికీ తెలియాలనే పిచ్చి ఉండేది. ఆ పిచ్చి వల్లే పక్కింటి అక్క చదువు ఆగిపోబోయింది.

అప్పుడు మేము జూలూరుపాడు దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్లం. పదో తరగతి చదివే అక్క సాయంత్రాలు మా తాతయ్య దగ్గర ఛందస్సు నేర్చుకునేది. ఆయన రిటైరైన తెలుగు పంతులు. ఒకరోజు అక్క నోటుబుక్కులో మడిచిన కాయితం దొరికితే, మా అరుగు మీద కూర్చుని గొంతెత్తి చదివాను.

పొద్దు పొడిచె నీవు రాలే
పొద్దు వాలె నీవు రాలే
వాన వెలిసె నీవు రాలే
ఇయ్యాల గూడ నీవు రాలే

తలెత్తేసరికి అక్క వాళ్ల నాన్న ఎదురుగా ఉన్నాడు. బొగ్గుగనిలో డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. ఎవరు రాశారని అడిగితే అక్కేనని గర్వంగా చెప్పాను. ఆయన కాయితం లాక్కుని తాతయ్య ముందు పెట్టాడు.

"ఎవడు రాలే సారూ? రేపటి సంది ఇది బడికి పోదు" అన్నాడు. అక్క తలుపు చాటున నిలబడి ఉంది.

తాతయ్య తొణకలేదు. పెన్సిలుతో ఒక్కో అక్షరం మీద గురువులు, లఘువులు గుర్తించాడు. పాదానికి పదమూడు మాత్రలనీ, చివర ఒకే ప్రాస అనీ, "నీవు రాలే" అన్నది నాట్లేసే ఆడవాళ్లు అందుకునే వంతలాంటిదేననీ విడమరిచి చెప్పాడు. ఇది తానిచ్చిన అభ్యాసమని అబద్ధమాడాడు.

అక్క నాన్నకు చదువు రాదు కానీ, నాట్ల పాటలు వింటూ పెరిగిన మనిషి. తొడ మీద దరువేస్తూ మళ్లీ చదివించుకున్నాడు.

"ఆఖరిది పొడుగున్నది గదా. దరువుల పడ్తలే" అన్నాడు.

తాతయ్య తలుపు చాటునున్న అక్క వైపు చూశాడు. "అవ్, పిల్ల తప్పు జేసింది" అని "ఇయ్యాల" కొట్టేసి "నేడు" అని రాశాడు. రెండు మాత్రలు తగ్గి లెక్క కుదిరింది, అక్క నాన్న కోపమూ దిగింది. సరిగ్గా నేర్చుకొమ్మని కూతురికి చెప్పి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత తాతయ్య నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "ఆ పిల్లకు లెక్క మంచిగ తెలుసు బిడ్డా. ఇయ్యాలటి బాధ లెక్కల పట్టలే, గంతే. దాన్ని నేను తప్పన్న" అన్నాడు. ఆయన అంత దిగులుగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

అక్క పరీక్ష పాసైంది. మళ్లీ ఒక్క పాట రాయలేదు, నాతో మునుపటిలా మాట్లాడనూ లేదు. నన్ను క్షమించమని అడిగే ధైర్యం నాకు రాలేదు. పెద్దయ్యాక నేనూ తెలుగు టీచరునయ్యాను. పిల్లలు రాసిన పాటలో పాదం ఎక్కడైనా పొడుగైతే, ముందు గుమ్మం వైపు చూస్తాను, ఎవరైనా వింటున్నారేమోనని. తర్వాత ఆ పిల్లనే మెల్లగా అడుగుతాను, దిద్దమంటావా అని.