మూరెడు తగ్గిన కాన్పు బల్ల

1998. మల్కాపురం దాటాక, చేపలు పట్టే పల్లెకారుల ఇళ్ల పక్కనున్న ఓ చిన్న ఆరోగ్య కేంద్రంలో నేను స్టాఫ్ నర్సుని. సర్కారు వైద్యంలో నాణ్యత పెంచుతామంటూ ఓ విదేశీ సాయం పథకం వచ్చింది. దాంతో మాకు తళతళలాడే స్టీలు లేబర్ టేబుల్, అంటే కాన్పు చేసే బల్ల, దిగింది. మా డాక్టరుగారు దానికి కొబ్బరికాయ కూడా కొట్టారు. తీరా చూస్తే బల్ల నా నడుం పైదాకా ఉంది. ఎక్కడానికి మెట్టు ఇంకో పెట్టెలో వస్తుందన్నారు. ఆ పెట్టె ఏ ఓడలో తిరుగుతోందో, నేను రిటైరయ్యేదాకా రాలేదు.

నొప్పులు పడుతున్న మనిషి అంత ఎత్తు ఎక్కాలంటే మాటలా? చెక్క స్టూలు వేశాం. మొదటామె ఎక్కబోతే అది ఊగింది. ఆమెని పట్టుకోబోయి నేనూ ఆయా కూడా కూలబడ్డాం. ఆ కబురు పేటంతా పాకింది. కొందరు నేల మీద చాప వేయమనేవారు, కొందరు రావడమే మానేసి ఇంట్లో కనేసేవారు. అలా ఇంట్లో కన్న ఒకామెని రక్తం ఆగక ఆటోలో మోసుకొచ్చారు. ఎలాగో దక్కింది. బల్ల మీద మాత్రం మా టిఫిన్ డబ్బాలు హాయిగా పడుకునేవి.

ఆ కోపమంతా ఉక్కునగరం క్వార్టర్లో మా ఆయన మీద చూపించాను. ఆయన స్టీలు ప్లాంటులో వెల్డరు.

“దీనికింత రాద్ధాంతమేటే? కాళ్లు కోసిత్తే సరి,” అన్నారు.

ఆదివారం సరంజామాతో వచ్చి, ఒక్కో కాలికీ మూరెడు కోసి, అంచులు నున్నగా అరగదీసి, రబ్బరు తొడుగులు వేసి వెళ్లారు. కోసిన ముక్కలు గవర్నమెంటు సొత్తు కదా, పారేయకూడదు. నాలుగింటినీ బ్యాండేజీతో కట్ట కట్టి బీరువాలో దాచాను. ఇక ఆడవాళ్లు బల్ల మీద కూర్చుని కాళ్లు పైకి పెట్టుకుంటే చాలు. వంగి వంగి నా నడుం పట్టేసేది గానీ, చాప మాత్రం చుట్టేశాం.

మూడు నెలలకి తనిఖీకి విదేశీ మేడమ్ వస్తున్నారని ఉత్తరం వచ్చింది. క్వాలిటీ చెక్‌లిస్టు, అంటే టిక్కులు పెట్టే పట్టిక, దాన్నీ జత చేశారు. ‘ఇచ్చిన సామాను ఇచ్చినట్టే ఉందా?’ అని అందులో ఓ గడి. డాక్టరుగారు టేపు పట్టుకుని లేబర్ రూమ్‌కి వచ్చారు.

“సిస్టర్, బల్ల కుంగిపోయిందేమిటి?”

“కాళ్లు కోయించాను సార్.”

“ఎవరి పర్మిషన్‌తో? మీ ఉద్యోగం పోతుంది. మీతోపాటు నాదీ!”

కట్ట తెచ్చి చూపించాను. “ఏమీ పోలేదు సార్, అన్నీ భద్రంగా ఉన్నాయి.” పాపం, ఆయనకి నవ్వు రాలేదు.

తనిఖీ రోజు పొద్దున్నే డాక్టరుగారు ఒక్కో కాలి కింద ఇటుకలు పేర్పించి, అవి కనబడకుండా నేల దాకా తెల్ల దుప్పటి కప్పించారు. మేడమ్ ముందు గదిలో టిక్కులు పెడుతుండగా, పోలమ్మ అనే పల్లెకారామె నిండు నొప్పులతో ఉన్న కోడలిని తీసుకొచ్చింది. ఆ పిల్ల బల్ల వంక ఒక్కసారి చూసి నేల మీద చతికిలబడింది.

“నానెక్కను. సచ్చినా ఎక్కను!”

పోలమ్మ దుప్పటి లాగిపారేసింది. “ఏటి సిస్టరమ్మా! మొన్న మా సెల్లి కూతురు కన్నప్పుడు బల్ల కిందకే ఉంది గదా! దొరసాని వత్తందని ఎత్తీసినారా? కనీది మా కోడలా, దొరసానా?”

అప్పటికే మేడమ్ గుమ్మంలో ఉన్నారు. ఆమె ఏమంటోందని డాక్టరుగారిని అడిగారు. ఆయన చెమటలు తుడుచుకుంటూ, “మీకు స్వాగతం చెబుతోంది,” అన్నారు ఇంగ్లీషులో. స్వాగతం చెప్పే మనిషి ఇటుకలు చూపించి తిట్టడమేమిటో మేడమ్‌కి అర్థం కాలేదు.

నాకు భయం వేసింది. నా జీతం లేకపోతే ఇల్లు గడవదు. కానీ ఆ పిల్ల నేల మీద మెలికలు తిరుగుతుంటే ఒళ్లు మండిపోయింది. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడగట్టుకుని, బల్ల ఎత్తని, ఎక్కలేకపోతున్నారని, నేనే కోయించానని చెప్పేశాను.

మేడమ్ పట్టిక కిటికీలో పడేసి, చొక్కా చేతులు పైకి మడిచి, బల్ల ఓ మూల పట్టుకున్నారు. మిగతా మూడు మూలలూ నేను, ఆయా, డాక్టరుగారు పట్టుకున్నాం. పోలమ్మ ఇటుకలన్నీ కాలితో తన్ని అవతల పారేసింది. అరగంటలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. నాకు ఏడుపొచ్చింది.

నెల తిరిగాక ఒకే రోజు రెండు కాగితాలొచ్చాయి. ఒకటి, అనుమతి లేకుండా బల్ల కోయించినందుకు సంజాయిషీ అడుగుతూ పైఆఫీసు మెమో. రెండోది, అన్ని కేంద్రాలకీ మీ బల్లలాంటివే పంపుతాం, ఎత్తు ఎంతో రాయండని ఆ పథకంవాళ్ల ఉత్తరం. మెమోకి, కోసిన ముక్కలు బీరువాలో క్షేమంగా ఉన్నాయని జవాబు రాశాను. తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

రెండోదానికి డాక్టరుగారు టేపు తీశారు. ఆయన్ని ఆగమని, మనవరాలికి టీకా వేయించడానికొచ్చిన పోలమ్మని పిలిచి బల్ల మీద కూర్చోమన్నాను. తర్వాత ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ కొత్త సామాను వచ్చినా, కొబ్బరికాయ కంటే ముందు వరసలోంచి ఒకామెని పిలిచి వాడి చూడమనేదాన్ని. నాకా అలవాటు నేర్పింది ఈ కేసే.

పోలమ్మ కూర్చుంది. రెండు పాదాలూ నేలకి ఆనాయి.

“ఇప్పుడు కొలవండి సార్,” అన్నాను.