మంచీచెడ్డా గది

చెల్లెమ్మ పోయిందని పాలుపోసే ఆయన చెప్పాడు. అప్పటికే నేను తువ్వాలు భుజాన వేసుకుని వాళ్ళింటికే బయలుదేరుతున్నాను. ముందురోజు సాయంత్రం ఆవిడే కబురు పెట్టింది, మామిడి మొక్కకి పూత తుంచాలి, పై కొమ్మలు అందటం లేదు, అన్నయ్యగారిని ఒకసారి రమ్మనండి అని. నిద్రలోనే పోయిందట.

ఆవిడ నాకు రక్తసంబంధం కాదు. నూజివీడులో నాకొక మామిడికాయల గోడౌను ఉండేది. వ్యాపారం తగ్గాక ఖాళీగా పడి ఉంది. అరవైకి దగ్గరపడ్డ వయసులో మాస్టారూ, చెల్లెమ్మా వచ్చి దాన్ని అద్దెకడిగారు. ఇద్దరూ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన భార్యాభర్తలు. పైవాళ్ళని ఒప్పించి యూనివర్సిటీ తరఫున మా ఊళ్ళో నీతిశాస్త్ర కేంద్రం పెడుతున్నారట. నీతికి గోడౌను ఎందుకో నాకు అర్థం కాలేదు. నాది ఐదో తరగతి చదువు. అడగడానికి మొహమాటపడి తాళం ఇచ్చేశాను.

మొదటిరోజే ఆవిడ నన్ను అన్నయ్యగారూ అంది. దాంతో మాస్టారు నన్ను బావగారూ అనడం మొదలుపెట్టారు. కాదనడానికి నాకు నోరేదీ?

గుమ్మం మీద పెద్ద బోర్డు పెట్టారు. ఆ పేరు ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు. మంచీచెడ్డా గది అన్నారు, అదే నిలిచిపోయింది. ఎన్నిసార్లు సున్నం వేయించినా వరిగడ్డి వాసన, ముగ్గిన కాయ వాసన పోలేదు. చూడటానికొచ్చిన యూనివర్సిటీ పెద్దమనిషి ఒకాయన మంచిచెడ్డల సంగతి వదిలేసి ఆకలేస్తోందన్నాడు.

ఆ గదికి ఒకటే కట్టుబాటు. చెల్లెమ్మ పెట్టింది. ఎవరి సంగతి మాట్లాడుకుంటున్నామో వాళ్ళు ఆ గదిలో ఉండాలి. లేని మనిషి గురించి ఏదీ తేల్చకూడదు.

ఒకసారి చాట్రాయి నుంచి ఒక షావుకారు వచ్చాడు. పూత మీదే తోట కాపంతా బేరమాడి కొన్నాడు. పెనుగాలికి పిందె రాలిపోయింది. రైతు బేరం తగ్గించనంటున్నాడు, ఇది న్యాయమా అని అడిగాడు.

"రైతు ఏడండీ?" అన్నారు మాస్టారు.

"ఆయనెందుకండీ, నేను చెప్తున్నాగా."

"ఆయన లేకుండా ఆయన సంగతి మేం వినమండీ. టీ తాగి వెళ్ళండి," అంది చెల్లెమ్మ.

టీ కోసమా ఇంతదూరం వచ్చిందని షావుకారు విసుక్కుంటూనే తాగాడు. మళ్ళీ వచ్చినప్పుడు రైతుని వెంటబెట్టుకొచ్చాడు. ఎదురెదురుగా కూర్చునేసరికి ఇద్దరి గొంతులూ తగ్గాయి. నేను వెనక బెంచీ మీద కూర్చుని చూశాను. నా చోటు ఎప్పుడూ అదే.

ఇంకోసారి, రోగం ముదిరిన మనిషికి ఆ సంగతి చెప్పాలా వద్దా అన్న మాట వచ్చింది. చెప్పకూడదని ఊరి డాక్టరు గట్టిగా వాదించాడు. మాస్టారు నవ్వి, "నా చావు సంగతి నాకు తప్ప వీధిలో అందరికీ తెలియటమేంటండీ?" అన్నారు. చెల్లెమ్మ కూడా ఆయన మాటే అంది. ఆ ఇద్దరూ ఒకే మాట మీద ఉండటం అరుదు. అందుకే గుర్తుండిపోయింది.

కొన్నాళ్ళకి మాస్టారికి జబ్బు చేసింది. బెజవాడ ఆసుపత్రికి నన్నూ తోడు తీసుకెళ్ళారు. పెద్ద డాక్టరు చెల్లెమ్మని వరండాలోకి పిలిచి చెప్పాడు. ఇక చేసేదేం లేదన్నాడు. ఆవిడ పైటచెంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఆయనకి చెప్పకండి అన్నయ్యగారూ. నా మీద ఒట్టు."

మీరే కదమ్మా ఆరోజు అన్నారు అని నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి తలూపాను.

తిరిగొస్తుంటే హనుమాన్ జంక్షన్‌లో టాక్సీ ఆపించి ఆవిడ గుడిలోకి వెళ్ళింది. డ్రైవరు టీకి దిగాడు. కారులో మేమిద్దరమే ఉన్నాం. మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు.

"బావగారూ, అక్కడి చిన్న డాక్టరు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. అడిగితే చెప్పేశాడు. ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి. తట్టుకోలేదు."

దానికీ తలూపాను. చెల్లెమ్మ సిందూరం తెచ్చి ఆయన నుదుట పెట్టింది. నాకు కొబ్బరిముక్క ఇచ్చింది. నూజివీడు దాకా ఇద్దరూ ఆ ఏటి కాపు గురించి మాట్లాడుకున్నారు. వాళ్ళ మధ్య కూర్చున్నది నేనే.

తొలకరికి మాస్టారు మామిడి అంటు కావాలన్నారు. రెడ్డిగూడెం నుంచి చిన్నరసం అంటు తెచ్చి వాళ్ళ వాకిట్లో గొయ్యి తీశాను. ఆయన కుర్చీలో కూర్చున్నారు. చెల్లెమ్మ మొక్కని నిటారుగా పట్టుకుంది. లేత చెట్టుకి బలం చాలదనీ, మూడేళ్ళు పూత తుంచేసి ఆ తర్వాతే కాయనివ్వాలనీ చెప్పాను.

"మూడేళ్ళూ మీరే తుంచండి. నాకు చెట్ల సంగతి తెలీదు," అంది ఆయనతో.

"అలాగే. మొదటి కాయ మాత్రం నువ్వు కొయ్యాలి," అన్నారాయన.

ఆవిడ మొక్క మీదికి వంగింది. ఆయన నా వైపు చూశారు. ఆయన చూపు తిప్పుకోగానే ఆవిడా నా వైపే చూసింది. నేను మన్ను తొక్కుతున్నాను. అక్కర్లేనంత సేపు తొక్కాను. ఆ ఇద్దర్నీ అలా ఎదురెదురుగానే ఉంచి ఒక్క మాట అనేస్తే అయిపోయేది. ఆ మాట ఎవరిదవుతుందో, ఎవరికిచ్చిన మాట పోతుందో నాకు తేల్లేదు. ఇప్పటికీ తేల్లేదు.

మాస్టారు ఆ చలికాలం దాటలేదు. మొక్కకి మొదటి పూత వచ్చేసరికి ఆయన లేరు. చెల్లెమ్మే తుంచింది. గదినీ ఆవిడే నడిపింది.

ఒకరోజు కాలేజీ పిల్లలు మళ్ళీ ఆ పాత ప్రశ్నే తెచ్చారు, రోగికి చెప్పాలా వద్దా అని. ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది. మీలో మీరు మాట్లాడుకోండి, నన్ను అడక్కండి అంది. అందరూ వెళ్ళాక నేను కిటికీలు వేస్తున్నాను.

"అన్నయ్యగారూ, ఆయనకి తెలుసా?"

కిటికీ రెక్క పట్టుకుని నిలబడిపోయాను. ఆయనకిచ్చిన మాట ఒకవైపు, ఆవిడ మొహం ఒకవైపు.

"పోనీలెండి. ఆయన ఈ గదిలో లేరుగా," అని చెప్పులేసుకుంది.

మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నేను చెప్పలేదు. ఇప్పుడు ఇద్దరూ లేనిచోట ఇద్దరి సంగతీ మీకు చెబుతున్నాను. వాళ్ళుంటే ఒప్పుకునేవాళ్ళు కాదు. నాకూ టీ ఇచ్చి పంపేవాళ్ళు.

ఆవిణ్ణి తీసుకెళ్ళాక వాకిట్లో నేనొక్కణ్ణే మిగిలాను. ఇది మూడో ఏటి పూత. ఇదొక్కటీ తుంచేస్తే వచ్చే ఏడాది కాయనివ్వొచ్చు. ఆవిడ పిలిచింది అందుకే. పై కొమ్మ అందుకుని కిందికి వంచాను. పూత నిండుగా ఉంది. కొమ్మ అలాగే పట్టుకుని నిలబడ్డాను. తేనెటీగలు నా వేళ్ళ సందుల్లోంచే వచ్చి పోతున్నాయి.