మూడు సాఫ్ట్‌వేర్లు, ఒక పెద్దాయన

నాకు జీతమిచ్చే సంస్థను స్థాపించిన మనిషిని, నిక్షేపంలా ఉన్న మనిషిని, ఒకే ఉదయం నేను మూడుసార్లు చంపాను. ఎలాగో చెప్తాను. నవ్వుకోండి గానీ మా ఆఫీసు వైపు చూస్తూ నవ్వకండి.

అప్పట్లో రాజమండ్రిలో ఒక మందుల హోల్‌సేల్ సంస్థలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. మొగల్తూరు నుంచి పెద్దాపురం దాకా మెడికల్ షాపుల ఆర్డర్లన్నీ మా దగ్గరున్న ఒక్క సర్వర్‌కే వచ్చేవి. ముసలిదే గానీ ఆఫీసు బరువంతా అదే మోసేది. అందుకని గౌరవంగా దానికి ‘పెద్దాయన’ అని పేరు పెట్టాను. మా యజమాని చినబాబుగారి తండ్రిని కూడా ఊరంతా పెద్దాయన అనే పిలుస్తారన్న సంగతి నాకు తెలియక కాదు, తట్టక.

ఒకరోజు సర్వర్ ఆగిపోతే ఆ కబురు నాకన్నా ముందు షాపులవాళ్ళకు తెలిసింది. చినబాబుగారు పిలిచారు.

"ఏంటి శ్రీనూ, మన మిషను పడిపోతే మొగల్తూరువాళ్ళు ఫోన్ చేసి మనకి చెప్పాలా? కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్లుంటాయంట కదా?"

"ఉన్నాయండి. మూడు రకాలు తెప్పించి, పోల్చి చూసి, మంచిదేదో చెప్తానండి."

"నాకూ మెసేజ్ వచ్చేలా పెట్టు. ఆ ఇంగ్లీషు గోల వద్దు, తెలుగులో రావాలి."

ఈ సాఫ్ట్‌వేర్ల పని పెద్దగా ఏమీ లేదు. ఊరికే ఫోన్ చేసి "అన్నం తిన్నావా?" అనే మేనత్తలాగా, సర్వర్‌ని "ఉన్నావా?" అని అడుగుతూ ఉంటాయి. పలక్కపోతే మనకు కబురు పెడతాయి. మొదటిది తొందర మనిషి, ఒక్కసారి పలక్కపోతే చాలు కేకలేస్తుంది. రెండోదానికి రంగుల గ్రాఫుల సోకు. యంత్రం క్షేమంగా ఉన్నానంటూ పంపే సంకేతాన్ని అది ‘గుండె చప్పుడు’ అంటుంది. మూడోది నిదానం. మళ్ళీ మళ్ళీ చూసుకుని గానీ నోరు విప్పదు.

బుద్ధున్నవాడు ఒక్కోదాన్నీ విడివిడిగా పరీక్షిస్తాడు. నేను మూడింటినీ ఒకేసారి పెద్దాయన మీదకు తోలాను. ముగ్గురు డాక్టర్లు ఒకే రోగి చెయ్యి పట్టుకుని నాడి చూస్తే ఏమవుతుంది? చెయ్యి చచ్చుబడుతుంది. ముగ్గురికీ సమాధానం చెప్పలేక పెద్దాయన మర్నాడు పొద్దున్నే మూగబోయాడు.

నేనేమో ఆనందంతో గెంతాను. పరీక్షకు ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది! నేను తెలుగు చేసిపెట్టిన సందేశాలు చినబాబుగారి ఫోనుకు వరసగా వెళ్ళిపోయాయి.

‘పెద్దాయన నుంచి స్పందన లేదు.’

‘పెద్దాయన గుండె చప్పుడు ఆగింది.’

కాస్త ఆగి మూడోది: ‘పెద్దాయన పోయినట్టు నిర్ధారణ అయింది.’

వెంటనే ఫోను మోగింది. చినబాబుగారు. "శ్రీనూ... నిజమేనా?"

"నిజమేనండి. మూడు చోట్ల నుంచీ కబురొచ్చింది కదండీ."

"ఎలా జరిగిందయ్యా?"

"వయసైపోయింది కదండీ. ఇవాళ కాకపోతే రేపు. కంగారు పడకండి, కొత్తది తెచ్చుకుందాం" అందామనుకుని, ఆయన ఏడుపు వినబడి, ‘కంగారు పడకండి’ దగ్గరే ఆగాను. పాత మిషను మీద ఈయనకింత ప్రేమా అని నా కళ్ళు కూడా చెమ్మగిల్లాయి.

"ఇప్పుడెక్కడ?"

"మన ఆఫీసులోనే అండి. ఏసీ వేసే ఉంచాను."

ఫోను కట్టయింది. అసలు పెద్దాయన ఆ పొద్దున కోరుకొండ నరసింహస్వామి దర్శనానికి వెళ్ళారు. కొండెక్కుతూ ఫోను కారులో వదిలేశారు. ఇంట్లోవాళ్ళు ఎన్నిసార్లు చేసినా ఎత్తే దిక్కులేదు. ఇక అనుమానమేముంది? మందుల షాపుల వాట్సాప్ గ్రూపులో ‘ఓం శాంతి’లు మొదలయ్యాయి. సర్వర్ ఆగి ఆర్డర్లు వెళ్ళకపోతే, సంతాపంగా సెలవిచ్చామనుకుని ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదు.

కాసేపటికి చినబాబుగారు, ఆయన భార్య, చుట్టాలు ఏడుస్తూ ఆఫీసులోకి వచ్చారు. ఒకాయన చేతిలో గజమాల.

"ఏరయ్యా నాన్నగారు?"

అప్పుడు వెలిగింది నాకు. ఏసీ గది తలుపు తీసి, నల్లపెట్టె మీద నేనే అంటించిన ‘పెద్దాయన’ అన్న చీటీ చూపించాను. గోరుచుట్టు మీద రోకటిపోటంటారు. ఇక్కడ రోకలి కూడా నేనే తెచ్చుకున్నాను.

"ఇదా పోయింది?" అన్నారు చినబాబుగారు. ఆ గొంతులో సంతోషం ఎంతో, నన్ను అక్కడే పాతెయ్యాలన్న కోరిక ఎంతో విడదీసి చెప్పలేను. ఆయన భార్య మాత్రం కళ్ళు తుడుచుకుని, "మావయ్యగారు బాగున్నారు, అంతే చాలు" అంటూ కుర్చీలో కూలబడ్డారు.

సరిగ్గా అప్పుడే ప్రసాదం పొట్లంతో అసలు పెద్దాయన దిగారు. కారులో ఫోను చూసుకుని, తన చావుకబురు తనే చదువుకుని, తిన్నగా ఆఫీసుకొచ్చేశారు. గజమాలను ఎగాదిగా చూశారు. విషయమంతా విన్నారు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఉద్యోగం పోయినట్టేనని నిర్ధారించుకోవడానికి నాకే సాఫ్ట్‌వేరూ అవసరం లేకపోయింది.

"ఏమయ్యా, ఆ మూడింట్లో నన్ను అందరికన్నా ఆఖర్న చంపింది ఏది?"

"మూడోదండి."

"అదే కొనండి" అన్నారు పెద్దాయన. "తొందరపడని బుద్ధి ఈ ఆఫీసులో దానికొక్కదానికే ఉంది."

అదే కొన్నాం. ఉద్యోగమూ నిలిచింది. అందుకే గోదావరమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ప్రాణమున్నవాళ్ళ పేరు ప్లగ్గున్నదానికి ఈ జన్మలో పెట్టను. తప్పనిసరై పెట్టాల్సి వస్తే, ముందు వాళ్ళింటికెళ్ళి, ఇంటిల్లిపాది చేతా సంతకాలు పెట్టించుకుని మరీ పెడతాను.