ముప్పై అయిదో వరుస

బండలు పరచడంలో మేస్త్రీది అందె వేసిన చేయి. బడి వరండాలో అడుగు బిళ్లలూ రెండడుగుల బిళ్లలూ కలిపి ఎనిమిదేసి అడుగుల వరుసలు వేయమంది లెక్కల టీచరు. మొత్తం ముప్పై అయిదు వరుసలు, ఏ రెండూ ఒకేలా ఉండకూడదు.

ముప్పై నాలుగు వరుసలు పూర్తయ్యాక మేస్త్రీ చిక్కుల్లో పడ్డాడు. ఎలా పేర్చినా పాత వరుసే వస్తోంది. తల పట్టుకుని కూర్చున్న మొగుణ్ణి చూసి, సిమెంటు కలుపుతున్న భార్య దగ్గరికొచ్చింది.

"ఒక్కో వరుసలో పెద్ద బిళ్లలు ఎన్నున్నాయో చూసి, వరుసలు లెక్కపెట్టు."

లెక్కపెట్టారు. పెద్ద బిళ్ల లేని వరుస ఒకటి, ఒక్కటే ఉన్నవి ఏడు, రెండున్నవి పదిహేను, మూడున్నవి పది, అన్నీ పెద్దవే ఉన్నది ఒకటి. అన్నీ కలిపితే ముప్పై నాలుగు. ఒక్కో గుంపులో బిళ్లల్ని అటూ ఇటూ మార్చి చూశారు, ఇంకో రకం లేనే లేదు.

టీచరు రాగానే మేస్త్రీ బెరుగ్గా చెప్పాడు. "తలకిందులుగా తపస్సు చేసినా ముప్పై అయిదోది రాదు మేడమ్."

ఆమె కాగితం మీద వేసి చూసి నవ్వేసింది. "తప్పు నాదే మేస్త్రీ. లెక్క చూడకుండా అడిగాను. మరి తొమ్మిదడుగులైతే?"

"యాభై అయిదండీ," అంది భార్య. "చివర చిన్నది పెడితే వెనక ఎనిమిదడుగులు, ముప్పై నాలుగు రకాలు. పెద్దది పెడితే ఏడడుగులు, ఇరవై ఒకటి."

మేస్త్రీ నోరు తెరిచాడు. పదేళ్లుగా పక్కనే ఉన్నా ఆమెకు ఇంత లెక్క వచ్చని అతనికి తెలియదు.

మర్నాడు టీచరు ఆమెను తరగతికి పిలిచింది. మొదట సిగ్గుపడి తలుపు దగ్గరే నిలబడింది కానీ, సుద్దముక్క చేతికొచ్చాక గంట కొట్టినా ఆపలేదు. బయట వరండాలో ముప్పై అయిదో వరుసను మేస్త్రీ ఒంటరిగా, ఆ బిళ్లలకు బదులు నల్లరాయితో పూర్తి చేశాడు.