అక్క తెల్లన్నం మీద నా కన్ను

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లన్నం రోజూ ఒక్కరికే వండేవారు. ఆ ఒక్కరు మా అక్క. మిగిలిన అందరికీ జొన్నరొట్టె, కారం. అక్కకు పసితనం నుంచి కడుపు జబ్బు. రొట్టె తింటే మెలిపెట్టేది, పప్పు తింటే రోజంతా చెంబు పట్టుకుని చేను గట్టుకు పరుగులు. తాండూరులో చూపించారు, వికారాబాద్‌లో చూపించారు. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ మొదటికి వచ్చేది.

నాకు అవేవీ కనిపించేవి కావు. మెత్తటి అన్నంలో మజ్జిగ పోసి, అమ్మ పక్కన కూర్చుని తినిపించడమే కనిపించేది. నాకు ఏడేళ్లు, అక్కకు పది. అంత పెద్దపిల్లకు ముద్దలు పెట్టడమేమిటని ఒళ్లు మండిపోయేది. అక్క బడికి పోకపోయినా ఎవరూ ఏమనేవారు కాదు. నేను పోకపోతే మాత్రం అమ్మ చీపురు తిరగేసేది.

ఒకనాడు నేనూ కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకున్నాను. అమ్మ కంగారు పడింది. మా నాయనమ్మ మాత్రం నా పొట్ట అక్కడా ఇక్కడా నొక్కి, నా మొహంలోకి చూసి, తాపీగా అమ్మతో అంది.

"గదే రోగం. అక్కది చెల్లెకొచ్చింది. గీ వారమంత ఇద్దరికి ఒక్కటే పథ్యం పెట్టు."

నా సంబరం చెప్పలేను. మొదటి రోజు మళ్లీ అడిగి పెట్టించుకున్నాను. రెండో రోజు చప్పగా అనిపించింది. మూడో రోజు ఆ గిన్నె చూస్తేనే వెగటు పుట్టింది. ఉల్లిగడ్డ ముక్క అడిగితే, "మెలిపెడ్తది బిడ్డా" అంది నాయనమ్మ.

నాలుగో రోజు మా చేనులో పచ్చి కందికాయలు తెంపుకొచ్చారు. ఉప్పేసి కుండలో ఉడకబెట్టి, అందరం చుట్టూ కూర్చుని ఒలుచుకు తినడం మా వైపు అలవాటు. ఆ వాసనకు పక్కింటి పిల్లలూ వచ్చేశారు. నేను చేయి చాపగానే నాయనమ్మ నా చేతిని మెల్లగా పక్కకు జరిపింది.

"నీకు కడుపు బాగలేదు గదనే. జర అక్క పక్కన కూసో."

అక్క గోటితో కాయలు చీల్చి, గింజలు చిన్నపిల్లల దోసిళ్లలో పోస్తోంది. ప్రతి ఏడూ అలాగే చేసేది. పెద్దరికం చూపించుకుంటోందని లోపల తిట్టుకునేదాన్ని. ఆ రోజు పక్కనే కూర్చోబట్టి చూశాను. కాయ ఒలిచిన ప్రతిసారీ వేళ్లు ఒక్క క్షణం ముక్కు దగ్గర పెట్టుకుంటోంది.

"నీకు తినబుద్ధి కాదా అక్కా?" అన్నాను.

"ఎందుకు కాదే? పోయినేడు నాలుగు గింజలు తిన్న. మూడొద్దులు లేవలే. నాతోని అమ్మ సుత పండుకోలే." ఇంకో కాయ తీసుకుంటూ నవ్వింది. "నీకేం లేదని నాకెర్కనే. కడుపు నొస్తే ఎవలన్న మళ్ల మళ్ల అన్నమడుగుతరా? పో, నాయనమ్మకు చెప్పి తిను. నేనొలిచిస్త."

చెప్పేశాను. నాయనమ్మ కొట్టలేదు, "తగ్గిందా రోగం?" అని మాత్రం అంది. అక్క నా దోసిలి నింపింది. ఏడుస్తూనే తిన్నాను, ఒక్క గింజా మిగల్చలేదు.

అక్క మీద ఓర్వలేనితనం ఆ ఒక్కనాటితో పోయిందంటే అబద్ధం. అమ్మ తన పక్కన కూర్చుంటే తర్వాత కూడా నాకు కలుక్కుమనేది. అయితే, ఇన్నేళ్లయినా, పెళ్లి భోజనంలో ఎవరైనా ఏదైనా పక్కకు నెట్టి పెడితే, "కొంచెం తింటే ఏం కాదులే" అన్న మాట నా నోట రాదు. వాళ్ల పక్కన ఇంత చోటు చూసుకుని కూర్చుంటాను.