ఎడ్విన్ దాచుకున్న పందెం చక్రాలు

ఆత్మకూరు నుంచి పది ఊళ్ళకు బన్నులు మోసే ఎడ్విన్ సైకిలెక్కితే, లేచిన దుమ్ము మరునాటికి గానీ కిందికి దిగేది కాదట. బేకరీలో ట్రంకుపెట్టెలోకి ఎత్తిన బన్ను అనుమసముద్రంపేట దర్గా అంగళ్ళలో దించేటప్పటికి ఇంకా పొగలు కక్కేదట. అంత మొనగాడు జనవరి ఇరవయ్యారున ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా జరిగే సైకిల్ పందెంలో ఐదేళ్ళుగా రెండో స్థానంలోనే ఎందుకు ఆగిపోతున్నాడో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఎడ్విన్‌కు తెలుసు. నలభై నిండాయి. మంచం మీంచి లేస్తే మోకాళ్ళు ముందు మూలుగుతాయి, తర్వాత ఆయన మూలుగుతాడు. తొంభై ఏడు జనవరి పందెంలో ఒక్కసారి మొదట చేరాలి, చేరకపోతే ఇక పందెం మాటే ఎత్తకూడదని భార్య రెబెకమ్మకు మాటిచ్చాడు.

క్రిస్మస్‌కు ముందు సైకిల్ షాపు పెంచలనరసయ్య రెండు జతల చక్రాలు ముందు పెట్టాడు.

"ఇనపయ్యి సాధనకు. మద్రాసు రిమ్ములతో చేసిన ఈ తేలికయ్యి పందేనికి. బరువులాగిన కాలు దీనిమీద పడితే నిన్ను పట్టుకునేదానికి పోలీసుజీపు కావాల రా. అయితే ఒక్కమాట. ఇప్పుడే అల్లినాను. వారం తొక్కి మళ్ళా తీసుకురా. చక్రం పుల్లలు సర్దుకొని వదులవుతాయి, బిగించి ఇస్తా."

"అట్నే అన్నా," అన్నాడు ఎడ్విన్.

మొదటి మాట ప్రాణంగా పట్టుకున్నాడు. బన్నులు అయిపోయాక పెట్టెలో వాగు ఇసుక నింపుకుని ఇనుప చక్రాల మీద ఇల్లు చేరేవాడు. చెప్పులు విడవకుండానే గోడకు ఒరిగిపోయేవాడు.

"బన్నులమ్మి ఇసక తెచ్చేవోణ్ణి నిన్నే చూసినా," అనేది రెబెకమ్మ. "ఇంకో నెల పోతే ఇల్లు కట్టుకోవచ్చు."

రెండో మాట దగ్గరే తేడా వచ్చింది. తేలిక చక్రాలను చర్చికి తీసుకెళ్ళి పాస్టరు చేత ప్రార్థన చేయించాడు. రెబెకమ్మ వాటిని పాత చీరలో చుట్టి దూలానికి వేలాడదీసింది.

"వారం తొక్కమన్నాడు గదా?" అని ఆమే గుర్తుచేసింది.

"క్రిస్మస్ బట్టలు ముందే కట్టుకొని మాపుకుంటామా? పందెం నాడే దించాల."

పందెం నాడే దించాడు. ఆత్మకూరు దాటగానే సైకిలు కాలి కింద ఉన్నట్టే లేదు. ఆ రోజు ఎడ్విన్ ఒక కాకిని దాటాడనీ, అది సిగ్గుపడి చెట్టు మీద వాలిపోయిందనీ చూసినవాళ్ళు ఒట్టేసి చెబుతారు. సగం దారి చేరేసరికి తనకు ముందు ఎవరూ లేరు. అప్పుడే వెనక చక్రంలో టిక్కుమంది. కాసేపటికి మళ్ళీ టిక్కుటిక్కుమంది. వినపడనట్టే తొక్కాడు. ఇంకో మైలు పోయేసరికి చక్రం పాములా మెలికలు తిరిగి ఫ్రేముకు రాసుకుని బిగుసుకుపోయింది.

దిగాడు. పుల్లలు వేళ్ళతో తిప్పబోతే చర్మం లేచిందే తప్ప అవి కదలలేదు. ఒక్కొక్కరే దాటిపోయారు. "ఏంది మామా, బన్నులు దించతన్నావా?" అన్నాడు ఒకడు. ఎడ్విన్ సైకిలును పక్కకు లాగి కల్వర్టు మీద కూర్చున్నాడు.

వెనకగా మోపెడ్ మీద వచ్చిన పెంచలనరసయ్య చక్రాన్ని చూసి, ఎడ్విన్ ముఖం చూశాడు.

"ముందు తొక్కినావా?"

"లేదన్నా."

"ఒక్క పూటన్నా?"

"ప్రార్థన చేయించినా."

"దేవుడు పుల్లలు గూడా బిగిస్తాడా రా? ఆ పని నాకు గదా ఇచ్చినాడు!"

తిడుతూనే చక్రం విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక్కో పుల్లనూ గోటితో మీటి, శబ్దం విని, చిన్న బిగింపు తాళంచెవితో బిగించాడు. అరగంటకు చక్రం గీత గీసినట్టు తిరిగింది.

"ఇప్పుడు పందేనికి తయారు," అన్నాడు. అనేశాక తనే నాలిక కరుచుకున్నాడు. "పోనీలే, వచ్చే ఏడు ఉండాది గదా."

"చాలన్నా," అన్నాడు ఎడ్విన్. "అలిసిపోయినా."

ఉదయగిరి వైపు ఒకసారి చూసి, సైకిలును ఆత్మకూరు వైపు తిప్పాడు. ఎవరినీ దాటాల్సిన పని లేదు. వెనకనుంచి పెంచలనరసయ్య మోపెడ్ తనను దాటబోతే పక్కకు తప్పుకుని దారిచ్చాడు.