కిటికీ అవతలి హాజరు

2023 వానాకాలం. తర్లుపాడు మండలంలో ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో నాలుగు, ఐదు తరగతులు నావే. బడి వెనక ఎప్పుడో మూసేసిన పలకరాయి క్వారీ ఉంది. తవ్వి వదిలేసిన గుంతలో నల్లటి నీళ్లు. ఏటా వానలకు గట్టు విరిగి విరిగి ఆ గుంత మా తరగతి గోడ దాకా వచ్చేసింది. కిటికీలోంచి చూస్తే నేల కనబడదు, నీళ్లే.

నాకు బాగా తెలిసిన విద్య బేరం. మా నాయనది మార్కాపురంలో పాత్రల దుకాణం. పుట్టగానే నేను ఏడవలేదనీ, మంత్రసానిని ధర తగ్గించమన్నాననీ మా మేనత్త ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. అందుకే శిక్షణలో 'రైటింగ్ ప్రాంప్ట్' గురించి చెప్పినప్పుడు వెంటనే పట్టుకున్నాను. రోజూ పొద్దున బోర్డు మీద ఒక ప్రశ్న రాయాలి. పిల్లలు నాలుగు మాటలు రాసి చదివి వినిపించాలి. 'పక్కవాడు ఏడుస్తుంటే ఏం చేస్తావు?' వంటివి. దయ, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం అలవాటవుతాయట. పైసా ఖర్చు లేదు. నాకింకేం కావాలి!

ఆగస్టులో ఒక రోజు ఇలా రాశాను: 'కంటికి కనిపించని స్నేహితురాలు ఉంటే ఆమె కోసం ఏం చేస్తావు?' రెక్కలు, మాయలు, మంత్రాలు వస్తాయనుకున్నాను.

"గట్టిగా చదువుతా, ఆమెకు ఇనపడాల గదా" అన్నాడొకడు. "కిటికీ కాడ జాగా ఇడిచిపెడతా" అంది ఇంకొక పిల్ల. "గుడ్డులో సగం పెడతా" అంది మరొకతె. ఒక్కొక్కరికీ చప్పట్లు కొట్టించాను. ఎవరూ నవ్వలేదు. ఊహించి రాసినట్టు లేదు, నిన్న చేసిన పని చెప్పినట్టుంది.

అప్పుడు గమనించాను. కిటికీ పక్కన ఒకరు పట్టేంత చోటు ఖాళీ. పిల్లలు ఒకరి మీద ఒకరు ఇరుక్కుంటున్నారే గానీ అటు జరగడం లేదు. భోజనాలయ్యాక కిటికీ గట్టు మీద సగం గుడ్డు కనిపించింది. కాసేపటికి అదీ లేదు.

మర్నాడు పొద్దున్నుంచీ ముసురు. హాజరు పిలిచి రిజిస్టరు మూస్తున్నాను. ఆఖరి పేరు కూడా అయిపోయాక, సన్నగా ఇంకో గొంతు వినిపించింది.

"ప్రెజెంట్ టీచర్."

కిటికీ అవతల నుంచి. అటు మనిషి నిలబడే చోటే లేదు. పిల్లలంతా తలలు దించుకున్నారు. ఐదో తరగతి కావ్యను దగ్గరికి పిలిచాను.

"ఎవరే అది?"

"చెప్పొద్దనింది టీచర్."

"చెప్పొద్దన్నది ఎవరు?"

"అది చెప్తే ఇది చెప్పినట్లే గదా!"

బేరంలో నా దగ్గర ఇంత గట్టిగా నిలబడినవాళ్లు తక్కువ.

చప్పుడు చేయకుండా కిటికీ దగ్గరికి నడిచాను. ఊచల అడుగున చిన్న వేళ్లు, బిగుసుకుని తెల్లబారి ఉన్నాయి. వంగి చూశాను. జానెడు గట్టు మీద, గోడకు అంటుకుని ఒక పిల్ల గొంతుకూర్చుని ఉంది. కళ్లు మూసుకుని ఎక్కం వల్లె వేసుకుంటోంది. ఆమె పాదాల కింద నుంచి రాతి పెచ్చులు జారుతున్నాయి. అవి నీళ్లలో పడిన చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించడం లేదు.

వెనక్కి వచ్చేశాను. అరిస్తే ఉలిక్కిపడుతుంది. చుట్టూ తిరిగి పట్టుకోబోతే పరిగెడుతుంది.

పిల్లలు గుసగుసగా చెప్పారు. పేరు మల్లేశ్వరి. అవతలి ఒడ్డున గొర్రెలను వదిలి పాఠం వినడానికి వస్తుంది. వాళ్ల నాయన పుల్లయ్యకు తెలిస్తే మాన్పిస్తాడట.

"పడదులే టీచర్, మేం రోజూ మాట్లాడిస్తానే ఉంటాం" అంది కావ్య.

ఆ పిల్లను రోజూ ఆ అంచుకు రప్పిస్తున్నది వీళ్ల దయే. నిన్న దానికి చప్పట్లు కొట్టించింది నేను.

ఈసారి ప్రశ్న బోర్డు మీద రాయలేదు. గొంతు పెంచకుండా అడిగాను. "ఆమె భయపడకుండా లోపలికి రావాలంటే మనం ఏం చేయాలి?"

కావ్య ఆలోచించింది. "నువ్వు అటు చూడొద్దు. అందరం బోర్డు దిక్కు తిరుగుదాం. వాళ్ల నాయనకు చెప్పనని ఆమెకు ఇనపడేట్లు అను."

"చెప్పనని అనలేను. తిట్లన్నీ నేను తింటా. ఆమె మీద ఒక్కటీ పడనీయను."

"ఒట్టా?"

"ఒట్టు."

కావ్య గోడ వైపు చెప్పింది. "మల్లీ, ఇన్నావు గదా? గోడ పట్టుకుని మెల్లగ రా. ఎవురం చూడంలే."

అందరం బోర్డు వైపు తిరిగాం. గోడ వెనక రాతిపొడి నలిగిన చప్పుడు కదిలింది, ఆగింది. ఏదో నీళ్లలో పడింది. నేను తిరగబోయాను. కావ్య నా కొంగు పట్టుకుని ఆపింది. పిల్లల్లో ఒక్కరూ తల తిప్పలేదు. కొందరు కళ్లు గట్టిగా మూసుకున్నారు. తర్వాత గడప మీద తడి పాదాల చప్పుడు వినిపించింది. తిరిగి చూసేసరికి కిటికీ పక్కన ఖాళీ చోట్లో ఒక పిల్ల మోకాళ్లు కావలించుకుని వణుకుతోంది.

సాయంత్రం నేను కబురు పెడితే పుల్లయ్య వచ్చాడు. ముందుగా తిట్లు తిన్నాను, ఒట్టు కదా.

"ఇది బడికొస్తే జీవాల ఎమ్మటి నువ్వు పోతావా మేడమ్మా?"

"పోతా, అన్నా. అయితే నీ గొర్రెలు ఎక్కాలు మొదలుపెడితే నన్ను అనొద్దు."

నవ్వు ఆపుకున్నాడు. "మద్యాన్నం దాంక ఇస్తా."

పట్టు చీరకు కూడా అంతసేపు బేరమాడలేదు నేను. చివరికి పిల్ల సాయంత్రం దాకా నాది, ఆదివారాలు ఆయనవి.

ఆ వారంలోనే పెద్ద వాన పడింది. మర్నాడు వెళ్లేసరికి గోడ వెనక గట్టు లేదు. ఆ గదికి తాళం వేయించి, పిల్లలను అవతలి వరండాలోకి మార్చాను. చాపలు తీస్తుంటే మల్లేశ్వరి ఊచల్లోంచి కిందికి చూసింది.

"నేను కూచునింది యాడ టీచర్?"

చూపించడానికి ఏమీ లేదు. నీళ్లే.

ఇప్పటికీ రోజూ ప్రశ్న రాస్తాను. రాసి కుర్చీలో మాత్రం కూర్చోను. పిల్లల జవాబు ఎటు చూపిస్తే అటు నడిచి వెళ్లి చూస్తాను. ఆ పిల్లల దగ్గర నేర్చుకున్నది అదే. హాజరులో ఇప్పుడు ఆఖరి పేరు మల్లేశ్వరిది. "ప్రెజెంట్ టీచర్" అంటుంది. అన్న తర్వాత కూడా, రిజిస్టరు మూయకుండా, నేను కాసేపు ఆగుతాను.